ఎవర్ని కొట్టాను?

స్పృహ రాగానే అతను అడిగే మొదటి మాట ఒకటే. "ఎవర్ని కొట్టాను?"

మామూలప్పుడు నోట్లో నాలుక లేని మనిషి. బైండింగ్ షాపులో ఫారాలు, అంటే అచ్చయిన పెద్ద కాగితాలు, పేజీలుగా మడిచే పని. ఒకప్పుడు కటింగ్ మెషిన్ అతనిదే. బ్లేడు కింద చేతులుండగా మూర్ఛ వస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి మెషిన్ ఇంకొకరి చేతికి వెళ్లింది. డాక్టరు మందు మార్చాడు, మోతాదు పెంచాడు, రెండు మూడు కలిపి ఇచ్చాడు. ఆ మాత్రలకు చేతులు వణికాయి, నిద్ర ముంచుకొచ్చింది. మూర్ఛ మాత్రం దేనికీ లొంగలేదు. వచ్చినప్పుడల్లా అతన్ని నేలకేసి కొట్టి, నాలుక కొరికించి, బట్టలు తడిపించి మరీ వదిలేది.

అంతవరకూ దెబ్బలు అతని ఒంటికే. అసలు చిక్కు ఆ తర్వాత. మూర్ఛ తగ్గి, తెలివి ఇంకా రాని ఆ కాసేపట్లో ఎవరైనా గట్టిగా పట్టుకుంటే, దొరికినవాణ్ని దొరికినట్టు బాదేవాడు. "పట్టుకోకండి, పక్కకి తిప్పి వదిలేయండి" అని భార్య షాపుకొచ్చి మరీ చెప్పింది. వింటేగా!

ఒకసారి, అదే షాపులో జిగురు పూసే బావమరిది పట్టుకోబోయి ముక్కు పగలగొట్టించుకున్నాడు. "మా అక్క మీది కోపం నా ముక్కు మీద తీర్చుకున్నావా బావా" అని రక్తం తుడుచుకుంటూ నవ్వాడు. ఓనరు నవ్వలేదు. "ఇంకొకడి మీద చెయ్యి పడిందంటే మర్నాడు నా గుమ్మం ఎక్కొద్దు" అన్నాడు. మూర్ఛ మనిషికి ఇంకోచోట పని ఇచ్చే మహానుభావుడెవడు? అడిగిన ప్రతిచోటా ముఖాన తలుపేసినవాళ్లే.

ఒకరోజు మధ్యాహ్నం మళ్లీ మూర్ఛ వచ్చింది. ఒక్క కేక పెట్టి, బల్ల అంచుకు నుదురు కొట్టుకుని పడ్డాడు. బావమరిది ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. ఆ షాపులో జారేదాన్ని, చెదిరేదాన్ని ఏం చేస్తారు? కడతారు. పుస్తకాల కట్టలకు వాడే పురికొస తెచ్చి, ఇద్దరు పనివాళ్లు అతని మీద కూర్చోగా, చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు. కాళ్లు బల్లకు బిగించాడు. "ఇక ఎవరికీ దెబ్బ తగలదు, బావ పని పోదు" అన్నాడు, ఏడుస్తూనే. ఎంత ప్రేమో అంత బుద్ధితక్కువ.

తెలివి లేని ఒళ్లు ఊరుకుంటుందా? పెనుగులాడింది. పురికొస మణికట్లు కోసుకుంటూ దిగింది. నాలుక కరుచుకుంటాడని ఒకడు చెక్క స్కేలు నోట్లో దూర్చాడు. స్కేలుతో పాటు ముందు పన్ను విరిగింది. చివరికి కుడి భుజంలో టక్కుమని చప్పుడైంది. అది విని మీదున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

అతను కళ్లు తెరిచేసరికి, పక్క వీధిలోంచి పరిగెత్తుకొచ్చిన భార్య కత్తెరతో పురికొస కోస్తోంది. తమ్ముడి ముఖం చూడటం లేదు. అతను నోట్లోని రక్తం మింగి ఒక్కొక్కరినీ పరికించాడు. ముక్కులూ కళ్లూ అన్నీ బాగానే ఉన్నాయి.

"ఎవర్ని కొట్టాను?"

"ఎవర్నీ కొట్టలేదు" అంది భార్య. "ఈసారి వాళ్లే మిమ్మల్ని విరగ్గొట్టారు."

"నిజంగానా?"

అతని గుండెల మీంచి బరువు దిగిపోయింది. సంతోషంగా లేచి నిలబడబోయాడు. ఫారాలు మడిచే ఆ కుడి చెయ్యి తనది కానట్టు వేలాడింది. దాన్ని ఎడం చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డ ఓనరు వైపు తిరిగాడు.

"చూశారుగా అయ్యా, ఎవరి మీదా చెయ్యి పడలేదు. రేపు పొద్దున్నే వచ్చేస్తాను."