బతికినందుకు క్షమాపణ

కొత్తగా డాక్టరీ పాసైనవాడికి చిన్న రోగాలు కంటికి ఆనవు. ఆంధ్రప్రదేశ్ అనే పేరుకు జనం ఇంకా అలవాటు పడుతున్న ఆ రోజుల్లో నేను హైదరాబాద్‌లో చదువు ముగించుకుని, కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న దవాఖానకు వచ్చాను. రోగి నోరు తెరవకముందే రోగం పేరు చెప్పేయగలనని నా గట్టి నమ్మకం. జలుబుతో వచ్చినవాడిలోనూ ఏదో అరుదైన వ్యాధి వెతికేవాణ్ణి. (దొరక్కపోతే వాడే ఏదో దాస్తున్నాడని అనుమానించేవాణ్ణి.)

ఒకనాటి ఉదయం ముప్పై ఏళ్ళ నేత పనివాడొకడు వచ్చాడు. మనిషి సన్నగా, పాలిపోయి ఉన్నాడు. "జరమొస్తుంది సారూ, పానమంత గుంజుతుంది" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపి, కడుపు నొక్కి చూశాను. ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం గట్టిగా తగిలింది. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు పోసి, మైక్రోస్కోపులో పెట్టాను. నీలంగా, వికారంగా, ముద్దలు ముద్దలుగా కణాలు! రక్త క్యాన్సర్! నాకు జాలి కంటే ముందు సంతోషం కలిగింది. (తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.) గొంతు తగ్గించి, "రక్తంలో క్యాన్సర్. నెలో, రెండు నెలలో. నీవాళ్ళతో చెప్పుకోవలసినవి చెప్పుకో" అన్నాను. అతను దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మా ల్యాబు చూసే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్ళం. సెలవు మీద వెళ్ళినవాడు నాలుగో రోజు తిరిగొచ్చాడు. మెప్పు పొందుదామని ఆ పలక చూపించాను. ఆయన ఒక కన్ను మూసి చూసి, "రంగు వడగట్టిన్రా సాబ్?" అన్నాడు.

"వడగట్టాలా?"

"గీ నీలం ముద్దలు నెత్తురుల లెవ్వు సాబ్. సీస అడుగున ఉన్న మడ్డి. జర పక్కకు జరిపి ఎర్రకణాలల్ల సూడున్రి, ఉంగరాలు కనవడ్తలేవా?"

కనబడ్డాయి. సన్నని ఉంగరాలు, ఒక్కోదానికి ఒక చుక్క. మలేరియా!

"జరం రోజిడిచి రోజు వస్తుందా అని అడిగిన్రా? ఈ నడుమ ఏ ఊరు పోయిండో అడిగిన్రా?"

"అడగలే" అన్నాను. (పరేషాన్‌లో నా పుస్తకాల భాష కూడా జారిపోయింది.)

ఇద్దరం అతనింటికి పరుగెత్తాం. గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు. చాచా అడిగితే అన్నీ చెప్పాడు. తువ్వాలలు అమ్మడానికి ఇచ్చోడ దిక్కు పోయి, నెలరోజులు అడవి పల్లెల్లో పడుకున్నాడట. అప్పటినుంచే దినం తప్పి దినం చలిజ్వరం. "క్యాన్సర్ లేదు, ఏం లేదు. మాత్రలు మింగు, ఫికర్ చెయ్యకు" అన్నాడు చాచా. అతను ఆనందంతో ఏడుస్తాడనుకున్నాను. తల పట్టుకున్నాడు.

"ఎంత పని జేసిన్రు సారూ! ఎట్లైన సస్త గదా అని మొన్న సుల్తానాబాద్ పోయి మా మామను కడిగిపారేసిన. పదేండ్ల సంది కడుపుల దాసుకున్నయన్ని అన్న. పిసినారి అన్న. ఆయనవి కట్టుడు పండ్లని బజార్ల నిలవడి అందరికి చెప్పిన. గిప్పుడు బతికి ఏం మొకం పెట్టుకోని పోవాలె?"

వెనకనుంచి భార్య ఏడుస్తూ, "గడప తొక్కద్దన్నడు సారూ మా బాపు. నన్ను కన్న అవ్వను సూడకుంట నేనెట్లుండాలె?" అంది.

జ్వరం తగ్గాక నేనే అతణ్ణి వెంటబెట్టుకుని సుల్తానాబాద్ బస్సెక్కాను. మామగారు అరుగు మీద కూర్చుని, నేను చెప్పిందంతా విన్నాడు.

"తప్పు నాదండీ. రంగు వడగట్టలేదు" అన్నాను.

"నువ్వు రంగు వడగట్టకుంటే వాడు నా ఇజ్జత్ వడగట్టిండు" అన్నాడాయన. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు. "సచ్చేటోడు అబద్ధమాడడు. గవన్ని నువ్వు మనసుల అనుకున్నయే."

అల్లుడు తల వంచుకున్నాడు. ముసలాయన పెదవులు కదిలాయి. కోపమనుకున్నాను గానీ, నవ్వు.

"పండ్ల సంగతి నీకెవలు చెప్పిన్రురా? మా ఇంటిదేనా? సరే, పిల్లను తోల్కరాపో. దాని అవ్వ నాలుగు దినాలాయె బువ్వ ముట్టలే."

బయల్దేరబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "డాక్టర్ సాబ్, వచ్చిన్రు గదా, నన్ను గుడ జర సూడున్రి." నా చెయ్యి అలవాటుగా ఆయన కడుపు వైపు పోయింది. వెనక్కి తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. "మీ బాధేమిటో మొదటినుంచి చెప్పండి" అన్నాను. ఆయన తన చిన్నతనం నుంచి మొదలుపెట్టాడు. బస్సు వెళ్ళిపోతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా లేవకుండా బుద్ధిగా ఊకొడుతున్న ఆ కుర్ర డాక్టరును తలచుకుంటే, ఇన్నేళ్ళకు కూడా వాడు కాస్త ముద్దొస్తాడు.