నాయన బూట్లకు పీటముడి

మా మనవరాలు అటవీ శాఖలో ఉద్యోగం చేస్తోంది. వారమంతా నల్లమలలో తిరిగి ఇంటికి రాగానే దాని బూట్లు లాక్కుని, గోరువెచ్చటి ఆముదంలో గుడ్డ ముంచి రుద్దడం నా పని. డబ్బాలో పాలిష్ ఉంది కదా అవ్వా అని అదెంత మొత్తుకున్నా వినను. తోలు ఆముదం తాగేటప్పుడు వచ్చే ఆ బరువైన వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, ఎనభై ఏళ్ళు వెనక్కి పోయి నాయన కాళ్ళ దగ్గర కూర్చుంటాను.

అప్పుడు మాది మద్రాసు ప్రభుత్వం కింది కర్నూలు జిల్లా. గిద్దలూరుకు పడమర, కొండల అంచున మా ఊరు. నాయన తోలుపని చేసేవాడు. బావుల్లో నీళ్ళు తోడే తోలు బానలు, రైతులకు కిర్రుచెప్పులు కుట్టేవాడు. పచ్చితోళ్ళు కుళ్ళకుండా ఊనడానికి కావలసిన తంగేడు చెక్క కోసం మాత్రం వారానికి రెండుసార్లు రేగుముళ్ళలో, రాళ్ళలో పడి తిరగాల్సి వచ్చేది. ఒకసారి ఎవరో అడవి దొర బూట్లకు అడుగులు వేసి ఇచ్చి, ఆ కుట్టుపని కళ్ళలో పెట్టుకుని, దున్నపోతు తోలు మూడు పొరలు అడుగున వేసి, కింద ఇనుప మేకులు దిగ్గొట్టి, మేకతోలు తాళ్ళతో చీలమండల పైదాకా బిగిసే బూట్లు తనకు తనే కుట్టుకున్నాడు. రెండూ కలిపి ఎత్తితే మా తమ్ముణ్ణి ఎత్తుకున్నట్టే ఉండేది.

వాటి సేవ అంతా నాదే. కొబ్బరి పీచుతో మన్ను దులిపి, సూదితో ముళ్ళు ఏరి, ఎండ తగిలితే బీటలు వారతాయని నీడలోనే ఆరబెట్టి, వానాకాలమైతే లోపల కొర్రగడ్డి కుక్కి, ఆముదం పట్టించి, కుక్క ఎత్తుకుపోకుండా దూలానికి వేలాడదీసేదాన్ని. క్రిస్మస్ ముందు మా గూడెమంతా బెల్లం పాకం వాసన కమ్ముకుంటే, అరిసెలు ఒత్తుతానని నేను చేయి చాచగానే, ఆముదం అరిసెలు ఎవరు తింటారే అని అమ్మ నా చేతి మీద ఒకటి వేసేది.

మా గూడెం వాళ్ళు పెద్ద వీధిలో అడుగు పెట్టాలంటే కాళ్ళవి చేతుల్లోకి రావాలి. అంతకు ముందు ఏడు మరిచిపోయి చెప్పులతో నడిచిన మా చిన్నాయనను చావడి ముందు గుంజకు కట్టి కొట్టారు. చెప్పులైతే విదిలిస్తే ఊడతాయి, బూట్లకు తాళ్ళు విప్పాలి. అందుకని నాయన నాకు ఒక కొస లాగితే ఊడిపోయే జారుముడి నేర్పాడు. కానీ ఆముదం పట్టిన తాళ్ళు వాటంతటవే జారేవి. ఒకనాడు కొండలో తాడు తొక్కుకుని పడి, మోచెయ్యి గీరుకుపోయి వచ్చాడు. మర్నాడు పొద్దున ఆయన కాళ్ళకు తాళ్ళు కడుతూ, చెప్పకుండా రెండు బూట్లకూ పీటముడులు బిగించాను.

ఆ రోజే వాన దంచి కొట్టింది. మధ్యాహ్నం నాయన తడిసి ముద్దయి గడపలోకి వచ్చేసరికి తమ్ముడు జ్వరంతో కళ్ళు తేలేసి కొట్టుకుంటున్నాడు. కాంపౌండరు ఇల్లు పెద్ద వీధి అవతలి కొసన ఉంది. చుట్టుదారి వాగు ముంచేసింది. నాయన వాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తాడు, వెనక నేను. వీధి మొదట్లో ఆగి వంగి తాడు లాగాడు. తాడు రాలేదు. నేను కూర్చుని గోళ్ళతో పీకాను, పళ్ళతో పట్టాను. నాని ఉబ్బిన ముడి రాయిలా బిగిసింది. తోలు కోసే కత్తి ఇంట్లో ఉండిపోయింది. తమ్ముడి నోట్లోంచి నురగ వచ్చింది.

"లెయ్ పాపా, పోదాం," అన్నాడు నాయన.

ఆ మేకులు బండల మీద టక్ టక్ మన్నాయి. అరుగు మీద మునసబు లేచి నిలబడ్డాడు. నాయన ఆగలేదు, తల వంచలేదు. కాంపౌండరు నాయన బూట్లు చూడలేదు, పిల్లవాణ్ణే చూశాడు. తడిగుడ్డలు వేసి, మందు పోసి, గంటసేపు మాతోపాటే కూర్చున్నాడు. తమ్ముడు కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు.

కాంపౌండరు దగ్గర కత్తెర అడిగి తాళ్ళు కత్తిరించి, బూట్లు చంకన పెట్టుకుని తిరిగి బయలుదేరాం. అరుగు దగ్గర మునసబు ఆపాడు.

"ఏందిరా, పొయ్యేటప్పుడు తొడుక్కొని పోయినావు?"

"ముడి రాలేదు సామీ."

మునసబు తెగిన తాళ్ళ వైపు, తమ్ముడి వైపు చూశాడు. "బిడ్డ బతికినాడా?"

"బతికినాడు సామీ."

"సరే, పో."

అంతే. అయినా వారం రోజులు చావడి నుంచి పిలుపు వస్తుందని అమ్మ కుండ దగ్గర కూర్చుని కూడా వీధి వైపే చూసేది. ఎవరూ రాలేదు. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నాకు ఏడుపు ఆగక, ఆ ముడి వేసింది నేనే నాయనా అని చెప్పేశాను.

నాయన కొత్త తాళ్ళు దూర్చుకుంటున్నాడు. తలెత్తలేదు. "నాకు తెలుసులేమ్మా. ఇంక అట్లనే ఎయ్యి," అన్నాడు.

తర్వాత వాన పడ్డ రోజుల్లో ఆయన బూట్లతోనే పెద్ద వీధి దాటేవాడు. ఎవరైనా అడిగితే ముడి రాలేదు సామీ అనేవాడు. కొన్నాళ్ళకు వాన లేని రోజుల్లోనూ ముడి రాలేదు. అడిగీ అడిగీ వాళ్ళకే విసుగు పుట్టింది.

ఆ తోలు బానలు పోయాయి, తంగేడు చెక్క దంచే రోలు పోయింది, ఆ బూట్లు ఎప్పుడు శిథిలమయ్యాయో గుర్తు లేదు. అవి పోయినందుకు బాధే. వీధి మొదట్లో వంగే ఆ వంగడం కూడా పోయింది. అందుకు మాత్రం నాకు బాధ లేదు, హాయిగా ఉంది. మొన్న మనవరాలు డ్యూటీకి పోతూ కాలు చాపితే తాళ్ళు నేనే కట్టాను.

"ఇట్ల బిగిస్తే ఎట్ల విప్పేది అవ్వా?" అంది.

"దారిలో విప్పే పని నీకేముంది," అన్నాను.

నవ్వుకుంటూ లేచి, అదే పెద్ద వీధిలోంచి టక్ టక్ మంటూ నడిచిపోయింది.