తమ్ముడి వరస

మొన్న ఆదివారం కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఒక పెళ్ళి ప్రకటన చదివారు. అబ్బాయి హైదరాబాదు వైపు నుంచి కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చినవాడు, అమ్మాయి మా వాట్‌గంజ్ పిల్లే, తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చునని ఆయన అలవాటుగా అడిగి, కాస్త ఆగినట్టు ఆగి, పాట నంబరు చెప్పేశారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నా పక్కనున్నావిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది. నాకు మాత్రం మా నాన్న గొంతు వినబడింది, పక్కింట్లో ఎవరిదో రేడియో మోగుతున్నట్టు.

మీలో రేవు పనివాళ్ళ డాక్ లైన్లలో పెరిగినవాళ్ళుంటే ఇలాంటి మనిషిని చూసే ఉంటారు. వారమంతా రేవులో క్రేను దగ్గర పని, ఆదివారం తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, సంఘ పెద్ద హోదా. పాస్టరు రాని ఆదివారాల్లో నాన్నే వాక్యం చెప్పేవాడు, ఏ వాక్యం ఎత్తుకున్నా చివరికి ఒక్కచోటికే చేరేవాడు, ప్రభువులో పేటలు లేవు, మనమంతా ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళం అని. మా వైపు ఊళ్ళలో క్రైస్తవులకి రెండు పేటలుండేవి. ఊరివాళ్ళు రెంటినీ ఒకేలా దూరం పెట్టేవారు, ఆ రెండు పేటలూ మళ్ళీ ఒకదాన్నొకటి దూరం పెట్టుకునేవి. రైలెక్కి కలకత్తా వచ్చినా ఎవరి పేట వాళ్ళు మరిచిపోలేదు.

నాన్న చెప్పేది ఉత్తి మాట అని నేననను. మాది కాని ఆ రెండో పేటలో ఒకాయన ఉండేవాడు, రేవులో కాలవలు శుభ్రం చేసే పని, చర్చిలో డోలక్ వాయించేవాడు. నాన్న ఆయన్ని నోరారా తమ్ముడూ అని పిలిచేవాడు, ఆయనకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు డ్యూటీ దిగి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళి, వాళ్ళ కంచంలోనే అన్నం తిని వచ్చేవాడు. మేము ఆయన్ని చిన్నాన్న అనేవాళ్ళం. ఆయన కొడుకు భవానీపూర్‌లో మోటారు గ్యారేజీలో మెకానిక్కు, ఆదివారం తండ్రి పక్కన కూర్చుని తాళాలు వేసేవాడు. మా అప్ప, అంటే మా అక్క, పాటలు అందుకునేది. ఆ అబ్బాయిని మాత్రం అప్ప ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. ఆ సంగతి మొదట కనిపెట్టింది అమ్మ.

ఒక సాయంత్రం చిన్నాన్న భార్యని వెంటబెట్టుకుని, మిష్టి డబ్బా, అదే మిఠాయిల డబ్బా, పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న మంచం మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని టీ ఇప్పించాడు. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, మీరు సరేనంటే చేసేద్దామని ఆయన తడబడుతూ చెప్పాడు. నాన్న నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, ప్రేమ కూడా ఉంది, అదే నాకిప్పటికీ అర్థం కాదు.

"ఓరి పిచ్చోడా, నాను నిన్ను తమ్ముడూ అంతన్నాను కదా. మరి నీ కొడుకు నాకేటవుతాడు, కొడుకే కదా. అన్నకీ సెల్లికీ పెల్లి సేస్తారేటి?"

కాదనాలంటే చిన్నాన్న ఆ వరస ఉత్తదేనని తన నోటితో తనే అనాలి. నిజమే అన్నయ్యా అని ఆయన టీ పూర్తిగా తాగాడు, ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అందుకుంది.

"ఆ లెక్కని సంగమంతా నీకు తమ్ముల్లే. ఈ గుంటని ఇంకెవులికిస్తావు, గంగలో ఒగ్గేస్తావేటి?"

"నీకు తెలీదు, ఊరుకోయే."

అప్ప ఆ మిష్టి మా అందరికీ పంచి, తనూ ఒకటి తిన్నది. ఏడుస్తుందేమోనని నేను చూస్తూ కూర్చున్నాను, ఏడవలేదు.

కొన్నాళ్ళకి ఖరగ్‌పూర్ నుంచి ఒకాయన వచ్చాడు. రైల్వేలో గుమాస్తా, అక్కడి సంఘ పెద్ద, మా పేటవాడే. మహాసభల్లో కలిసినప్పుడల్లా ఆయనా నాన్నా సహోదరుడా అంటే సహోదరుడా అని కావలించుకునేవారు. ఆయన కొడుకుని తీసుకుని పిల్లని చూడ్డానికి వచ్చిన ఆ రోజు నాన్న గుమ్మం దాకా ఎదురెళ్ళి, రా బావా, కాళ్ళు కడుక్కో అన్నాడు. ఆ ఒక్క మాటతో వరస కుదిరిపోయింది. అమ్మ నాన్న ముఖంలోకి చూసింది, నాన్న అటు చూడలేదు. అప్ప లోపల గిన్నెలు తోముతోంది, తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

పెళ్ళిలో చిన్నాన్నే డోలక్ వాయించాడు, బాగా వాయించాడు. భోజనాలయ్యాక నాన్న దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎల్లొస్తానండి, అయ్యగారూ."

"అయ్యగారేటిరా, తమ్ముడూ?"

"పెద్దోరు కదండీ."

ఆ తరవాత ఆయన నోట అన్నయ్యా అన్న మాట ఎవరూ వినలేదు. చర్చి మానలేదు, నాన్నతో మాట్లాడడం మానలేదు. నాన్న వాక్యంలో పేటల్లేవన్న చోటికి వచ్చినప్పుడల్లా డోలక్ దగ్గర్నుంచి అందరికన్నా ముందు ఆయనే ఆమేన్ అనేవాడు. మెల్లగా నాన్న ఆ మాట ఎత్తడం మానేశాడు, ఓర్పు గురించీ పరలోకం గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అబ్బాయి గ్యారేజీ మారాడు, తరవాత చర్చి మారాడు, ఆ తరవాత కబురు లేదు.

మొన్న చర్చి నుంచి ఇంటికొచ్చి అప్పకి ఫోన్ చేసి, పెళ్ళి ప్రకటనలో అబ్బాయిదీ అమ్మాయిదీ వేర్వేరు పేటలట, ఎవరూ నోరు మెదపలేదు అని చెప్పాను.

"మంచిదే. ఈవేళ ఏటి వండేవే?"

చేపలన్నాను. ఏ చేపలని అడిగింది, చెప్పాను.

ఇప్పటి పిల్లలు ఒకరినొకరు బ్రదర్ అనీ సిస్టర్ అనీ పిలుచుకుంటారు, ఆ బ్రదరే ఆ సిస్టర్‌ని పెళ్ళి చేసుకుంటాడు, వరస తప్పిందని ఎవరికీ అనిపించదు. ఆ పిలుపు మీద నమ్మకం పెట్టుకుని ఒకరి గుమ్మంలోకి ఎవరూ వెళ్ళరు, అక్కడ అదే పిలుపు అడ్డం వచ్చి ఎవరూ వెనక్కి రారు. ఇదే మేలనుకుంటాను. మా రోజుల్లో ఆ మాటకి బరువుండేది, అది పలికినవాళ్ళ మీద పడలేదు, మా అప్ప మీద పడింది. ఇది తలుచుకున్నప్పుడు నాన్న మీద కోపం రావాలి, లేదా జాలైనా రావాలి. ఎంతసేపు కూర్చున్నా రెండూ రావు.