తాటిమొద్దుల ఫిరంగికోట

భోగాపురం దిగువన సముద్రపు ఒడ్డున ఒక ఫిరంగికోట ఉంది. కోట అనడం గౌరవానికే. ఉన్నవి నాలుగు మందపాటి గోడలు, సముద్రం వైపు రెండు కన్నాలు. విశాఖ మీద జపాను బాంబులు పడిన 1942లో హడావిడిగా కట్టారు. యుద్ధం ముగిశాక డెబ్బై ఏళ్లకు పైగా అందులో మేకలు పడుకున్నాయి. దగ్గర్లో విమానాశ్రయం వస్తోందనగానే అధికారులకు చరిత్ర మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. గడ్డి పరిచి, ఊయలలు వేసి, పార్కు చేసేశారు.

పార్కులో పెట్టే బోర్డుకి కోట చరిత్ర రాసిపెట్టమని కుసుమకుమారిని అడిగారు. ఆ ఊరి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు సోషల్ చెప్పి రిటైరైన మనిషి ఆమె. తప్పు రాసినవాళ్ల చేత పదిసార్లు తిరగరాయించే రకం. నెలరోజులు ఇల్లిల్లూ తిరిగి, ముసలివాళ్లను అడిగి, ఒక పేజీ రాసిచ్చింది.

అది చదివి పార్కు పనులు చూసే ఇంజినీరు వెంకటేష్ మొహం మాడ్చుకున్నాడు.

"ఇదేటి మేడమ్? తాటిసెట్లు కొట్టి, తారు పూసి, ఫిరంగుల్లాగ నిలబెట్టారని రాసీసినారు?"

"నిలబెట్టారు కాబట్టే రాసినాను. యుద్ధమప్పుడు తెల్లోళ్లు అసలు ఫిరంగులు పంపిస్తామన్నారు, పంపనేదు."

"ఇది సదివితే జనం నవ్వుతారండి."

"నవ్వనీ బాబూ. నవ్వొచ్చే పనే కదేటి సేసినారు."

ప్రారంభోత్సవం నాడు బోర్డు మీద గుడ్డ తొలగించారు. 'మూడు శత్రునౌకలను ముంచిన వీరదుర్గం.' కింద 'చరిత్ర రచన: శ్రీమతి కుసుమకుమారి.' పక్కనే కొత్త ఫైబరు ఫిరంగి. పెద్దలు దాని మీద చేతులు వేసి, ఛాతీలు పొంగించి ఫొటోలు దిగారు.

అబద్ధం కింద తన పేరు చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. శాలువా కప్పుతామని వేదిక మీదికి పిలిచారు. ఆమె శాలువా వదిలేసి మైకు అందుకుంది. సంచిలోంచి తన పేజీ తీసి చదవసాగింది. రెండో వాక్యానికే మైకు ఆపేశారు. వెనక బెంచీ దాకా వినబడే గొంతు ఆమెది. ఆఖరి అక్షరం వరకు చదివింది.

చేపలమ్మే దుర్గ జనంలోంచి లేచింది. "నిజిమే సెప్పింది టీచరమ్మ! ఆ సెట్లు మా తాతవే. నరికినోళ్లు అడగనైనా అడగనేదు. తాటిదుంగ ఓడల్ని ముంచీసిందంట, సూడండర్రా!"

షామియానా కింద జనం గొల్లుమన్నారు. వేదిక మీది పెద్దలు కార్లు వెతుక్కున్నారు.

మర్నాడు వెంకటేష్ పెయింటరును పంపాడు. వీరదుర్గం జోలికి పోకుండా ఆమె పేరు మాత్రం కప్పెయ్యమన్నాడట. సంగతి తెలిసి కుసుమకుమారి స్వయంగా వచ్చి పక్కన నిలబడింది.

"ఇంకో పూత వెయ్యి నాయనా," అంది. "ఇంకా కనబడతన్నాది."