ఒంటిచేతికి ఆరు తూటాలు

బహుధాన్య సంవత్సరం, మాఘమాసం చివరి రోజులు. యూరపులో రెండో యుద్ధం ఇంకా మొదలుకాలేదు. మా ప్రాంతమంతా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మార్కాపురంలో పలకల గనులకు వెళ్లే దారిలో నాకొక చిన్న దుకాణం ఉండేది. తుపాకులు బాగుచేయడానికి సర్కారు లైసెన్సు ఉన్న దుకాణం. చేలమీద పడే అడవిపందుల్ని బెదరగొట్టే నాటు తుపాకులు, ఫారెస్టు గార్డుల పాత తుపాకులు, నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఇవే. రివాల్వర్ ఏడాదికి ఒకటి వస్తే గొప్ప.

ఒక ఉదయం గిద్దలూరు ఫారెస్టు రేంజరు వెంకోబరావుగారు జట్కా దిగి లోపలికి వచ్చారు. యాభైకి దగ్గరపడిన మనిషి. చొక్కా ఎడమ చేతిని మణికట్టు దగ్గర మడిచి పిన్నుతో గుచ్చుకున్నారు. రెండేళ్ల కిందట నల్లమలలో ఎలుగుబంటి మీదపడి ఆయన చెయ్యి పోయిన సంగతి మా వైపు తెలియనివాళ్లు లేరు.

చంకలోని గుడ్డమూట నా బల్లమీద విప్పారు. అందులో నాలుగు వందల యాభై అయిదు బోరు ఇంగ్లీషు రివాల్వర్ ఉంది. బొటనవేలంత లావు తూటాలు పట్టేది. దాని పక్కన మద్రాసు నుంచి తెప్పించిన మూడు లోడర్లు. ఇప్పుడు వాటిని స్పీడ్‌లోడర్ అంటున్నారు. ఆరు తూటాల్ని ఒక్కొక్కటిగా కాకుండా గబుక్కున సిలిండర్‌లో, అంటే రివాల్వర్ నడుమ తిరిగే ఆరు గదుల దిమ్మెలో, దించే సాధనం.

"ఆరు కాల్చనీకె ఒక చెయ్యి చాలు దావీదూ. మళ్లా ఆరు పెట్టాలంటే రెండు కావాల. నాకుండేది ఒకటే. ఈ మూడిట్లో ఏది పనికొస్తాదో నువ్వే చెప్పాల" అన్నారు.

"మిమ్మల్ని ఆఫీసులో కూర్చోమన్నారంట కదయ్యా. మళ్లీ అడవికి ఎందుకు?"

"పోవాల్సిన పని ఒకటి మిగిలుంది" అన్నారు.

మొదటి లోడర్ తోలుపట్టీ. తూటాలు వరసగా గుచ్చి ఉంటాయి, రెండేసి చొప్పున దించి పట్టీని లాగెయ్యాలి. మూడు సార్లు గురి పెట్టాలి కాబట్టి పక్కన పెట్టేశాను. రెండోది గుండ్రటి డబ్బీ. వెనకున్న పిడి తిప్పితే తూటాల్ని వదులుతుంది. చూడటానికి అందంగా ఉంది గానీ, పిడి తిప్పినప్పుడల్లా దాంతోపాటు సిలిండర్ కూడా తిరిగిపోతోంది. దాన్ని కదలకుండా పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. మూడోది రేకు బిళ్ల. దానికున్న స్ప్రింగు గోళ్లు తూటాల మడమలు పట్టుకుని ఉంటాయి. తూటాల మొనలు గదుల్లో దూర్చి గట్టిగా నొక్కితే గోళ్లు వాటంతటవే వదిలేస్తాయి.

"ఇదేనయ్యా. అయితే ఇందులోనూ ఒక చిక్కుంది. ఆరు మొనలూ ఆరు గదులకు సరిగ్గా ఎదురు రావాలి. రెండు చేతులున్నవాళ్లు ఎడమ బొటనవేలితో సిలిండర్‌ను కాస్త తిప్పి సరిచేసుకుంటారు" అన్నాను.

"అది నేను చూసుకుంటాలే" అన్నారాయన.

ఎట్లా చూసుకుంటారని అప్పుడు నేను అడగలేదు.

ఆ రివాల్వర్ నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకునే రకం. గడియను బొటనవేలితో నొక్కి, గొట్టాన్ని తొడకు ఆనించి కిందికి వంచితే కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు ఆరూ బయటికి ఎగిరిపడతాయి. అంతవరకు ఒక చెయ్యి చాలు. తెరిచిన రివాల్వర్ నిలబడి ఉండటానికి ఆయన బెల్టుకు ఒక తోలుసంచి కుట్టాను. గొట్టం అందులో దిగబడి, సిలిండర్ పైకి చూస్తూ ఉంటుంది. కుడిచెయ్యి ఖాళీ అవుతుంది కాబట్టి లోడర్ అందుకోవచ్చు. మందు లేని ఉత్త తూటాలు చేసిచ్చి, దుకాణం వెనకనే అభ్యాసం చేయించాను.

మొదటి రోజే ఆయన నాకన్నా వేగంగా నింపారు. పైగా కళ్లు మూసుకుని. "చూస్తే ఆలస్యమైతాది" అన్నారు.

మూడో రోజు నేను వంగి దగ్గరగా చూశాను. లోడర్ దిగబోతుంటే సిలిండర్ గదులు ఓరగా ఉన్నాయి. ఇక ఇరుక్కుంటుంది అనుకున్నాను. అంతలో సిలిండర్ ఇంత, గోరంత, తిరిగి సరిగ్గా ఎదురుకు వచ్చి ఆగింది. ఆయన కుడిచెయ్యి లోడర్ మీద ఉంది. ఎడమ మొండిచెయ్యి సంచికి జానెడు దూరంలో గాలిలో ఉంది.

మళ్లీ చెయ్యమన్నాను. మళ్లీ అట్లాగే తిరిగింది. ఆయన వెళ్లాక నేను అదే బెల్టు కట్టుకుని పది సార్లు ప్రయత్నించాను. నాకు ఒక్కసారీ తిరగలేదు. తూటాల మొనలు గదుల అంచులకు కొట్టుకుని నిలిచిపోయాయి. సిలిండర్ ఇరుసు వదులైందేమో అని విప్పి చూశాను. బిగుతుగానే ఉంది. ఆ పూట ఇంక పని చేయలేకపోయాను. అయినా ఎవరికీ చెప్పలేదు. పని జరుగుతోంది కదా అనుకున్నాను.

వారం తర్వాత ఆయన నన్ను గిద్దలూరుకు పిలిపించారు. అడవిలో ఒకసారి పరీక్షించి చూద్దాం, నువ్వూ రా అని కబురు. నేను, ఆయన, వాచరు లింగయ్య బయలుదేరాం. లింగయ్య చెంచు మనిషి. ఎలుగు మీదపడ్డ రోజు ఆయన్ని వీపున మోసుకొచ్చి బతికించింది అతనే. దారిలో రేంజరుగారు అసలు సంగతి చెప్పారు.

"ఆ చెయ్యి నాకింకా ఉంది దావీదూ. పిడికిలి బిగించి ఉంది. గోర్లు అరచేతిలో దిగబడుతున్నాయి. రెండేండ్లుగా నిద్ర లేదు. విప్పుదామంటే వేళ్లు నా మాట వినవు. వాన పడితే మట్టి చల్లగా తగుల్తాది. ఎండాకాలం చీమలు పాకుతాయి. అది యాడుందో నాకు తెలుస్తాంది. పోయి విప్పి రావాల."

నేను లింగయ్య వైపు చూశాను. అతను తల వంచుకుని నడుస్తున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి లోయలోకి దిగాం. ఆకు రాలిన అడవి. ఒక్క పిట్ట కూత లేదు, గాలి లేదు, మా కాళ్లకింద ఎండుటాకుల చప్పుడు తప్ప. అంతవరకు ముందు నడుస్తున్న లింగయ్య ఒకచోట కుడివైపు తిరిగాడు. రేంజరుగారు మాత్రం ఎడమకు తిరిగి, దారి లేని పొదల్లోంచి నేరుగా ఒక పెద్ద బండ దగ్గరికి పోయి నిలబడ్డారు. దాని కింద పేర్చినట్టు చిన్న రాళ్లకుప్ప.

లింగయ్య ముఖం పాలిపోయింది. "నేను చెప్పలే సామీ. ఎవురికీ చెప్పలే. ఆపొద్దు నీకు తెలివే లేదు. యాలాడే చేతిని కోసి, నక్కలు తినకుండా ఈడ రాళ్లు పెట్టినా. నిన్ను కావాల్నే ఆపక్కకు తీస్కపోతాంటిని. నీకెట్ల తెల్సె?" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

రేంజరుగారు జవాబు చెప్పే లోపల బండ వెనక సందులోంచి గుర్రుమన్న చప్పుడు వచ్చింది. తల్లి ఎలుగు. దాని వీపుమీద రెండు పిల్లలు బొచ్చు పట్టుకుని వేలాడుతున్నాయి. మమ్మల్ని చూసి వాటిని కిందికి విదిలించి మా మీదికి ఉరికింది.

ఆయన రెండు తూటాలు దాని ముందు నేలలోకి కాల్చారు. దుమ్ము లేచిందిగానీ అది ఆగలేదు. మిగిలిన నాలుగూ దాని తలమీదుగా బండకు తగిలేట్టు వరసగా కాల్చారు. చెవులు గింగురుమన్నాయి. అది పక్కకు తిరిగి పొదలోకి దూరి, అక్కడే రొప్పుతూ నిలబడింది. మళ్లీ వస్తుందని ముగ్గురికీ తెలుసు. నా రెండు చేతులూ పక్కన కొయ్యల్లా వేలాడుతున్నాయి.

ఆయన గడియ నొక్కి గొట్టాన్ని తొడకు వంచారు. తొడుగులు ఎండుటాకుల మీద పడ్డాయి. రివాల్వర్ సంచిలో దిగింది. లోడర్ తీశారు. కళ్లు మూసుకున్నారు. గదులు ఓరగా ఉండటం నాకు కనపడింది. అరవబోయాను. సిలిండర్ మెల్లగా, నింపాదిగా తిరిగి ఆగింది. ఆరు తూటాలూ ఒకే చప్పుడుతో దిగాయి. రివాల్వర్ మూసి ఎత్తేసరికి ఎలుగు పొద చీల్చుకుని వచ్చింది. దాని పంజాల ముందు ఒక్క తూటా కాల్చారు. అది వెనక కాళ్లమీద లేచి నిలబడి మమ్మల్ని కాసేపు చూసింది. తర్వాత దిగి, వెనక్కి పోయి, పిల్లల్ని వీపున ఎక్కించుకుని లోయలోకి వెళ్లిపోయింది.

"పిల్లల తల్లి. పోనీలే" అన్నారాయన.

లింగయ్య రాళ్లు తీశాడు. కింద పొడి మట్టిలో సన్నటి ఎముకలు, ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే. వాటి నడుమ పచ్చగా చిలుము పట్టిన రెండు తూటాలు. ఎలుగు మీదపడ్డ రోజు ఆయన రివాల్వర్ నింపబోతుండగా ఎడమ పిడికిట్లో ఉన్నవి. "అపుడే విప్పబోతే రాలే సామీ, అట్లనే పెట్టినా" అన్నాడు లింగయ్య.

రేంజరుగారు మోకాళ్లమీద కూర్చుని, ఎముకల్ని ఒక్కొక్కటే పక్కకు జరిపి తూటాలు రెండూ తీశారు. రెండోది తీస్తున్నప్పుడు ఆయన నోట్లోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. మొండిచెయ్యి ఒళ్లో పడిపోయింది.

"విడిచింది దావీదూ" అన్నారు. చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. ఎముకల్ని అక్కడే లోతుగా పూడ్చి వచ్చాం.

నెల తర్వాత ఆయన మళ్లీ దుకాణానికి వచ్చారు. ముఖం తేటపడి ఉంది. హాయిగా నిద్ర పడుతోందట. సరదాకి బెల్టు కట్టుకుని ఉత్త తూటాలతో నింపబోయారు. మొనలు గదుల అంచులకు కొట్టుకున్నాయి. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అంతే. అయిదారుసార్లు చేశాక నవ్వి, "నీ పనిలో ఏందో లోపముంది" అన్నారు.

ఆయన నవ్వుతూనే అన్నారుగానీ లోపం నిజంగానే ఉంది, మొదటి నుంచీ ఉంది. ఒంటిచేతితో ఆ సిలిండర్‌ను సరిచేసే ఏర్పాటు నేను చెయ్యనేలేదు. చెయ్యకుండానే ఆయన్ని ఎలుగు ముందుకు పంపాను. ఆ మధ్యాహ్నం ఆయన్ని కాపాడింది నా పనితనం కాదు, రాళ్ల కింద ఉన్న ఆ చెయ్యి.

ఆ రోజే సంచి లోపలి అంచుకు తోలునాలుక ఒకటి కుట్టాను. సిలిండర్ మీది గాడిలో అది పడితే గదులు ప్రతిసారీ ఒకేచోట ఆగుతాయి. గంట పని. అడవికి వెళ్లకముందే తట్టాల్సిన పని.

తర్వాత ముప్పై ఏళ్లు ఆ వృత్తిలోనే ఉన్నాను. పని చెడితే కారణం వెతకడం ప్రతి మెకానిక్కూ నేర్చుకుంటాడు. చెయ్యగలిగినదానికన్నా బాగా పని జరుగుతుంటే మాత్రం ఎవరూ వెతకరు, సంతోషించి ఊరుకుంటారు. నేను ఊరుకున్నాను కాబట్టి చెబుతున్నాను. అట్లాంటప్పుడే వస్తువును విప్పి చూడాలి, మనిషిని కూర్చోబెట్టి అడగాలి. జవాబు తెలిసేదాకా దాన్ని దుకాణం గడప దాటనివ్వకూడదు.