ఉయ్యాల కొక్కెం చుట్టూ వదిలేసిన జాగా

2021 వేసవిలో ఎమ్మిగనూరులో నేను ప్లాస్టరింగ్ పనిలో చేరేనాటికి నాకు నలభై ఆరేళ్లు. అంతకుముందు మగ్గం నేసేవాణ్ణి. కరోనా వచ్చాక నూలు రావడం ఆగిపోయింది, నేసిన చీరలు ఇంట్లోనే మడతలు పెట్టి ఉండిపోయాయి. మగ్గం గుంటలో కూర్చుని ఎంతకాలమని ఎదురుచూస్తాం? పక్క వీధిలో ఇల్లు కడుతుంటే పోయి, పని నేర్పిస్తావా అని మేస్త్రిని అడిగాను. అతని పేరు ఖాసిం, సొంతూరు ఆదోని. నాకంటే పద్నాలుగేళ్లు చిన్నవాడు. నన్ను ఎగాదిగా చూసి, "నేర్పిస్తా గానీ, నేను తిడితే అలుగుతావేమో అన్నా" అన్నాడు. అలగనని చెప్పాను. అది అబద్ధం. నాకు ముక్కు మీదే కోపం.

గోడ పని నాలుగు నెలల్లో పట్టుబడింది. తాపీతో మాలు, అంటే ఇసుకా సిమెంటూ కలిపిన ముద్ద, గోడకు విసిరి కొట్టాలి. మగ్గం మీద పోగుల మధ్య నాడె విసిరిన చెయ్యి కాబట్టి మణికట్టు త్వరగానే మాట విన్నది. నన్ను ఏడిపించింది సీలింగ్ పని. ముప్పై ఏళ్లు తలవంచుకుని బట్ట నేసిన మెడను పొద్దస్తమానం పైకెత్తి పెట్టమంటే అది ఎందుకు ఒప్పుకుంటుంది?

సీలింగ్‌కు మాలు పట్టాలంటే ముందు హ్యాకింగ్ చెయ్యాలి. స్లాబ్‌ను ఇనుప రేకుల మీద పోస్తారు. రేకులు తేలిగ్గా ఊడి రావడానికి వాటికి ఆయిల్ పూస్తారు. రేకులు తీశాక స్లాబ్ అడుగు అద్దంలా నున్నగా, జిడ్డుగా ఉంటుంది. మాలు దాన్ని పట్టుకోదు. అందుకని సుత్తితో దగ్గరదగ్గరగా గాట్లు కొట్టాలి. చూడ్డానికి అది చిన్నపనే, అందుకే కొత్తవాళ్లకు అప్పజెబుతారు.

ఆ ఏడు చలికాలంలో గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో మరియమ్మ అనే ఆమె ఇల్లు ఒప్పుకున్నాం. పొలం కూలికి పోయే మనిషి. సాయంత్రం పొలం నుంచి వచ్చి, చీకటి పడేదాకా తన ఇంటికి తానే ఇటుకలు మోసింది. కూతురు గ్రేసమ్మకు అప్పుడే మగబిడ్డ పుట్టాడు. ముందుగది స్లాబ్‌లో ఉయ్యాల కట్టడానికని ఇనుప కొక్కెం పెట్టించుకున్నారు. ఆ గదిలో గాట్లు కొట్టే పని ఖాసిం నాకు అప్పగించాడు.

సాయంత్రానికి మెడ పట్టేసింది. కళ్ల నిండా సిమెంటు దుమ్ము. కొక్కెం చుట్టూ చాప పరిచినంత జాగా మిగిలింది. నాకు చేతకాలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అప్పటికే తోటి పనివాళ్లు నన్ను "ముసలి శిష్యుడు" అని ఆటపట్టిస్తున్నారు. నాకంటే చిన్నవాడి ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు. మర్నాడు ఖాసిం వచ్చేలోపే సీలింగ్ అంతా నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు పాలు పూసేశాను. ఆ పూత కింద గాటు ఉన్నదీ లేనిదీ ఎవరికీ కనబడదు.

"అంతా కొట్టినావా అన్నా?"

"కొట్టినా మేస్త్రీ."

అతను తల కూడా ఎత్తి చూడలేదు. మధ్యాహ్నానికి సీలింగ్ ప్లాస్టరింగ్ చేసేశాడు. ఎంత నీటుగా వచ్చిందంటే, ఏమీ కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం మరియమ్మ కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుంది. బిడ్డను ఉయ్యాలలో వేసేదీ ఆ రోజే. మా ఇద్దరినీ రమ్మంది. ఖాసిం బండి వెనకాల కూర్చుని పోతుంటే మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ వేరే మాటేదో అన్నాను.

గది నిండా చుట్టాలు. కొక్కేనికి మెత్తటి పాత చీర ఉయ్యాల కట్టి ఉంది. ఖాసింకు ఒక అలవాటు. ఉయ్యాల కొక్కెం పెట్టిన ఏ ఇంట్లోనైనా, బిడ్డను వేసేముందు తాను దానికి వేలాడి చూపిస్తాడు. ఆ రోజూ స్టూలెక్కి, కొక్కెం పట్టుకుని కాళ్లు గాల్లోకి లేపాడు. "సూడక్కా, ఎద్దును కట్టినా ఊడదు" అన్నాడు. అందరూ నవ్వారు.

కొక్కెం నిజంగానే గట్టిది. దాని మొదట్లోంచి రవ్వంత ఇసుక రాలి ఉయ్యాల చీర మీద పడింది. కొత్త ఇల్లు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. గ్రేసమ్మ చేత్తో ఆ ఇసుకను దులిపి, బిడ్డను పడుకోబెట్టడానికి వంగింది.

"ఆగమ్మా! పిల్లోణ్ని ఎయ్యద్దు!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పాస్టరు గారు బైబిలు మధ్యలో వేలు పెట్టి మూశారు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"యామాయనప్పా?" అంది మరియమ్మ.

"పైన గాట్లు కొట్టలేదక్కా. కొక్కెం సుట్టూ నేను ఇడ్సిపెట్టినా. మేస్త్రికి తెలీదు."

ఖాసిం స్టూలు మీదే ఉన్నాడు. "కొట్టినావా అంటే కొట్టినా అంటివే?"

"అంటి."

అతను దిగి, గోడ దగ్గరి నుంచి స్టూలు జరుపుకుంటూ వేలి కణుపుతో సీలింగ్ మీద కొట్టుకుంటూ వచ్చాడు. గోడ దగ్గర టక్ టక్ అంది. కొక్కెం దగ్గరికి రాగానే ఖాళీ కుండ మీద కొట్టినట్టు మోగింది. అందర్నీ వెనక్కి జరగమని, వంటగదిలోంచి కత్తి తెప్పించి, కొక్కెం పక్కన సన్నటి పగుల్లో మొన దూర్చాడు. గట్టిగా ఒత్తనే లేదు. చాపంత పెచ్చు ఒక్కసారిగా ఊడి, నేరుగా ఉయ్యాలలో పడింది. ఆ బరువుకు చీర నేల దాకా సాగింది. పైన స్లాబ్ నున్నగా మెరుస్తూ ఉంది, ఒక్క గాటూ లేదు.

నేను అక్కడే చతికిలబడ్డాను. గ్రేసమ్మ బిడ్డను గుండెకు అదుముకుని గోడకు ఆనుకుపోయింది. ఖాసిం స్టూలు దిగి నా ముందు కూర్చున్నాడు.

"మగ్గం మీద పోగు తెగితే అట్లే ఇడ్సిపెడ్తావా అన్నా? నేత మనిషివని, ఆ నమ్మకంతోనే నీ ఎనకాల సూడలేదు నేను."

తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. మరియమ్మ ఉయ్యాలలోంచి పెచ్చులు ఒక్కొక్కటే తీసి గంపలో వేసింది. చివరి ముక్క కూడా వేశాక నా వైపు తిరిగింది.

"ఆ దినమే ఎందుకు సెప్పలేదప్పా?"

"సిగ్గయినాదక్కా."

"నీ సిగ్గుకు నా మనవడు కావాల్నా?"



సోమవారం పొద్దున ఖాసిం నన్ను ఆ ఇంటికే తీసుకుపోయి చేతికి సుత్తి ఇచ్చాడు. మెడ నొప్పెడితే ఆగాను, ఆగానని పైకే చెప్పాను. గాట్లు కొట్టడం అయ్యాక అతను ప్రతి జానెడూ చేత్తో తడిమి చూశాడు. తర్వాత, "మాలు కూడా నువ్వే పట్టియ్యి" అన్నాడు. నేను సొంతంగా చేసిన మొదటి సీలింగ్ అదే. క్యూరింగ్‌కు రోజూ పొద్దునా సాయంత్రం పోయి నీళ్లు కొట్టాను.

క్యూరింగ్ అయిపోయాక మరియమ్మ మమ్మల్ని మళ్లీ పిలిపించింది. కొక్కేనికి ఉయ్యాల కట్టి ఉంది, అందులో సగం మూట జొన్నలు ఉన్నాయి. కింద చాప పరిచింది.

"పండుకో అప్పా" అంది.

పడుకున్నాను. ఆమె ఉయ్యాల ఊపడం మొదలుపెట్టింది. జొన్నల మూట నా మొహం మీదుగా పోతోంది, వస్తోంది. కొక్కెం కిర్రుమంటోంది. పైన నా తాపీ గీతలు ఒక్కొక్కటే కనబడుతున్నాయి, ఏ గీత దగ్గర విడుతుందోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని చూశాను. ఆమె చెయ్యి నొప్పెట్టేదాకా ఊపింది. ఏమీ రాలలేదు.

"ఇంక లెయ్యి" అని మూట దించి, గ్రేసమ్మ చేతుల్లోంచి మనవణ్ణి తీసుకుని తానే పడుకోబెట్టింది.

ఇప్పుడు నా దగ్గర నలుగురు పని చేస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్లను "అంతా కొట్టినావా?" అని నేను అడగను. అట్లా అడిగితే ఎవరైనా కొట్టినాననే చెబుతారు, నేనూ అదే చెప్పాను. "యాడ నీకు చేతకాలేదు?" అని అడుగుతాను. మొదటి రోజు బిత్తరపోయి చూస్తారు. రెండో రోజో మూడో రోజో వేలు పెట్టి చూపిస్తారు. నేను సుత్తి తీసుకుని అక్కడికెక్కుతాను.