పాత ప్రశ్నకు పాత జవాబే

ప్రింటర్ నుంచి ఇప్పుడే తీసిన కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఈ వెచ్చని కాగితాల వాసన తగిలినప్పుడల్లా నారాయణగూడలో మిఠాయి దుకాణం పైనున్న మా గది గుర్తొస్తుంది. గదిలో ఉన్నవి: మూడు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, కిటికీ కింద సర్వర్, దాని మీద టీ గ్లాసులు పెట్టవద్దని అంటించిన చీటీ. ఉన్నవాళ్లు: యజమాని, నేను, ఆ చీటీ రాసిన విజయక్క. అక్కది చిక్కడపల్లి. నాకు పని నేర్పింది ఆమే.

అది 2012. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలన్నీ మా సర్వర్‌లో ఉండేవి. అశోక్‌నగర్ ఇంటర్నెట్ షాపుల్లోని ప్రోగ్రాములు రోజూ పొద్దున సర్వర్‌ను అడిగేవి, అది జాబితా పంపేది, షాపువాళ్లు దాన్ని ముద్రించి గోడకు అంటించేవారు. హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లకు ఆ గోడే ఆధారం.

జిల్లాను బట్టి, చదువును బట్టి వెతికే వీలు పెట్టమని యజమాని చెప్పారు. పాత పద్ధతి తీసేసి కొత్తది పెడదామని, షాపులు తమ ప్రోగ్రాములు మార్చుకోవడానికి వారం గడువు చాలని నేనన్నాను.

"ఎవరు మారుస్తరు?" అంది అక్క. "ఆ ప్రోగ్రాములు రాసినోళ్లు యాడున్నరో షాపోళ్లకే తెల్వదు. నువ్వు పోయి ఒక్కో షాపుల కూసుంటవా?"

ఆమె నియమం ఒక్కటే. కొత్త ప్రశ్నలు ఎన్నయినా చేర్చవచ్చు, పాత ప్రశ్నకు మాత్రం పాత జవాబే రావాలి. అలాగే చేశాను. ప్రశ్నలో 'జిల్లా' అని ఉంటే ఆ జిల్లా పోస్టులే వెళ్తాయి, లేకపోతే ఎప్పటిలా అన్నీ వెళ్తాయి. పరీక్షించి చూశాను, బాగానే ఉంది. సర్వర్‌లో పెట్టేశాను.

మర్నాడు పొద్దున అక్క నన్ను అశోక్‌నగర్ తీసుకెళ్లింది. ఏది మార్చినా, మరునాడు షాపులన్నీ తిరిగి గోడలు చూసి రావడం ఆమె అలవాటు. మూడో షాపులో ఒక అమ్మాయి గోడ ముందు నిలబడి ఉంది.

"అన్నా, మా నల్లగొండ పోస్టులు నిన్న ఉండె, ఇయ్యాల లేవేంది? రద్దయినయా?"

"లేవంటే లేవమ్మా. పైనుంచి ఏమొస్తే అదే అంటిస్త," అన్నాడు షాపాయన.

ఆ పోస్టులకు చివరి తేదీ మర్నాడే. రద్దు కాలేదని, తప్పకుండా దరఖాస్తు చెయ్యమని అక్క ఆ అమ్మాయికి చెప్పింది. తర్వాత షాపు కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాం ఏమడుగుతోందో తెరిచి చూసింది. అది రాసినవారెవరో గాని, ప్రతి ప్రశ్న చివర 'జిల్లా హైదరాబాద్' అని కలిపి పంపేలా రాశారు. మూడేళ్లుగా మా సర్వర్ ఆ ముక్కను పట్టించుకోలేదు. నిన్నటి నుంచి పట్టించుకుంటోంది. నేను పరీక్షించినవన్నీ నేను ఊహించుకున్న ప్రశ్నలే. షాపులు నిజంగా అడిగేవి ఒక్కటీ చూడలేదు.

తిరిగి రాగానే అక్క నా మార్పు తీసేసింది. ఆ సాయంత్రమే యజమాని ఒక పెద్ద కోచింగ్ సంస్థకు కొత్త వెతుకులాట చూపించాలి.

"ఒక్క షాపు కోసం నా పని ఆపుతవా? తప్పు వాళ్లది."

"వాళ్లు మూడేండ్ల సంది అడిగినట్లే అడుగుతున్నరు సార్. మారింది మనం."

"నేను చెప్తున్న, పెట్టు."

"కావాలంటే నన్ను తీసెయ్యండి. రేపటిదాంక ఆ గోడ మీద నల్లగొండ ఉంటది."

అక్క గొంతు పెంచలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేం చూస్తున్నవ్? దానికి ఇంకో పేరు పెట్టు," అంది. కొత్త వెతుకులాటలో 'జిల్లా' అన్న మాటను 'ఎంచిన జిల్లా' అని మార్చాను. ఉత్త 'జిల్లా' అని వస్తే సర్వర్ మళ్లీ ఎప్పటిలా పట్టించుకోకుండా వదిలేసింది. సాయంత్రానికి పాత జాబితా, కొత్త వెతుకులాట రెండూ పనిచేశాయి. అయినా యజమాని ఆమెను కోచింగ్ సంస్థతో సమావేశానికి రానివ్వలేదు. అక్క మాత్రం ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది.

"ఈ షాపు అడిగే ప్రశ్న అక్షరం పొల్లుపోకుండ రాయి. దాని జవాబు రాయి. ఇంకోసారి ఏది మార్చినా ముందుగాల సర్వర్‌ను ఇది అడుగు, ఈ జవాబే వస్తదో లేదో చూడు."

ఇవాళ నేను పనిచేసే చోట పాత పద్ధతి మూసేద్దామంటున్నారు. వాడేవాళ్లు తక్కువట. పదకొండు గంటలకు సమావేశం. ఈ వెచ్చని కాగితాలు పట్టుకుని వెళ్లి, కుదరదని చెప్తాను. నన్ను పక్కన పెట్టినా సరే, అదే చెప్తాను. కాగితాల్లో ఉన్నవి ఇప్పటికీ జనం అడుగుతున్న పాత ప్రశ్నలు, వాటి జవాబులు. వాటికి పైన, అక్క ఆనాడు రాయించిన అశోక్‌నగర్ షాపు ప్రశ్ననూ ముద్రించాను. మొత్తం రెండు వందల పద్దెనిమిది.